నాన్న తాగలేదు

ఫిబ్రవరి 3

మళ్ళీ రక్తం తీశారు. సంచి నిండేదాకా పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాను. పక్క మంచం మీద ఒకతను రక్తదానం చేస్తూ ఫోన్లో తన ఫొటో తానే తీసుకుంటున్నాడు. అతనిది దానం. నాది శిక్ష.

డిపోలో డ్రైవర్లకు ఏటా చేసే పరీక్షల్లో నాకు ఫెరిటిన్ విపరీతంగా ఉందని తేలినప్పటి నుంచీ ఇదే వరస. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఇనుమును దాచిపెట్టే గోదాము లాంటిదట. గోదాములు ఎక్కువున్నాయంటే సరుకూ ఎక్కువున్నట్టేనట. ఇనుము పేరుకుపోతే కాలేయం పాడవుతుందట. రక్తం తీసేస్తే దాంతో పాటు ఇనుమూ పోతుందట. ఇన్ని 'అట'లు ఎందుకంటే, వీటిలో నేను ఒక్కటీ నమ్మడం లేదు.

రక్తం డాక్టరు ఇవాళ కూడా అడిగాడు, తాగుతారా అని. లేదన్నాను. అప్పుడప్పుడూ కూడానా అన్నాడు. అప్పుడప్పుడూ కూడా లేదన్నాను. తల ఊపి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు మా ఇంటికి కొత్త కాదు.

నేను సిటీ బస్సు నడుపుతాను. బండి ఎక్కే ముందు, తాగామో లేదో తేల్చే గొట్టంలో రోజూ ఊదుతాను. ఇన్నేళ్ళలో ఆ గొట్టం నన్ను ఒక్క మాట అనలేదు. ఈ సంగతి ఆయన ముఖాన చెప్పాల్సింది. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. నాకెప్పుడూ ఇంతే, మంచి మాటలన్నీ మెట్ల మీదే వస్తాయి.

ఫిబ్రవరి 6

స్టీరింగు బరువెక్కింది. బస్సు అదే, రూటు అదే. చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి. మా బస్సు కండక్టరు పెద్దాయన వచ్చే ఏడు రిటైరవుతాడు. నన్ను పైలట్ అని పిలుస్తాడు. పైలట్ ముఖం ఇవాళ కాగితంలా ఉందేమని అడిగాడు. పౌడరు ఎక్కువైందన్నాను. నేను పౌడరు రాసుకోనని ఆయనకు తెలుసు.

ఫిబ్రవరి 11

ముందు అద్దం మీద గీతలు పడ్డాయి. పొద్దున్న ఎండ ఎదురొస్తే రోడ్డంతా పాలు పోసినట్టు తెల్లబడిపోతోంది. మెకానిక్కుకు చెప్పాను. అతను గుడ్డతో తుడిచి, వంగి చూసి, గీతలేమీ లేవన్నాడు. అతనికి కళ్ళు సరిగ్గా కనబడవనుకుంటాను.

ఫిబ్రవరి 15

బ్యాగు అందుకునే నెపంతో అమ్మ దగ్గరికొచ్చి నా ముఖం ముందు ఊపిరి పీల్చింది. నేను గమనించలేదనుకుంది. గదిలోకి వెళ్తే అలమరలో బట్టలన్నీ కొత్తగా మడత పెట్టి ఉన్నాయి. సీసా కోసం వెతికిందన్న మాట.

నాన్నను కూడా ఇలాగే వెతికేది.

కోపంలో ఉన్నాను కాబట్టి మొత్తం రాసి పారేస్తాను. నాన్న, బాబాయి కలిసి రంగుల కొట్టు నడిపేవారు. ఎవరికి ఏ రంగు కావాలన్నా నాన్నే కలిపి ఇచ్చేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ కలపడం తప్పడం మొదలైంది. లేత నీలం అడిగిన వాళ్ళకు వేరే ఏదో వెళ్ళేది. కొట్టు మెట్టు కనబడక తూలేవాడు. వీధిలోకొస్తే ఎండకు కళ్ళు చికిలించి గోడ తడుముకుంటూ నడిచేవాడు. పొద్దున్నే పట్టించాడన్నాడు బాబాయి. డాక్టరు దగ్గరికి పంపితే నాన్న రక్తంలోనూ ఇదే ఫెరిటిన్, ఇంతే ఎక్కువ. ఎంత తాగుతావని అడిగాడు ఆ డాక్టరు. తాగనన్నాడు నాన్న. ఆయనా నవ్వే ఉంటాడు. ఇంకేం, డాక్టరే అన్నాడని బాబాయి వీధి వీధంతా చెప్పాడు. నాన్న కొట్టులోంచి బయటికొచ్చాడు. ఆ తర్వాత, నలభై రాకముందే, రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. చూపు బాగుపడింది. పేరు బాగుపడలేదు. తాగి తాగి కళ్ళు పోగొట్టుకున్నాడన్నారు. ఒక గిడ్డంగిలో కాపలాకు కుదిరి, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఊపిరితిత్తుల జ్వరంతో పోయాడు. ఆఖరి వారం కూడా అమ్మ ఆయన దిండు కింద చెయ్యి పెట్టి తడిమింది. నేను చూశాను.

నాన్న తాగలేదు. నాకు తెలుసు. ఎలా తెలుసని ఎవరైనా అడిగితే, తెలుసు, అంతే.

ఫిబ్రవరి 16

అమ్మతో మాట్లాడలేదు. పలకరించి ఉంటే మాట్లాడేదాన్నే.

ఫిబ్రవరి 24

డాక్టరు అడిగాడని తమ్ముడు కూడా రక్తం ఇచ్చి వచ్చాడు. వాడిదీ అదే అంకె. వాడు ఎలక్ట్రీషియను. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా ఎవరేం చెప్పినా సరే అనే రకం. రేపటి నుంచే వారం వారం నీకూ తీద్దామంటే సరేనన్నాడట. నీకు నోరు లేదా అని అడిగాను.

"ఉందక్కా. ఇంట్లో ఉన్న నోళ్ళు చాల్లే అని వాడడం లేదు," అన్నాడు.

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఇద్దరు పిల్లలూ తండ్రి దారే పట్టారని ఆమె ముఖం మీద రాసి ఉంది.

మార్చి 2

అద్దం మార్చారు. కొత్తదీ చెత్తదే.

మార్చి 9

తమ్ముడు నిచ్చెన మీద నుంచి పడ్డాడు. ఒక ఆఫీసులో పైకప్పు లైట్లు బిగిస్తుంటే కళ్ళు తిరిగాయట. మణికట్టు విరిగింది. తల పక్కనే ఇనుప బల్ల ఉందని, జానెడు అటు పడి ఉంటే కథ వేరేగా ఉండేదని వాడితో పనిచేసే అతను చెప్పాడు. కట్టు వేసిన డాక్టరు వాడి కళ్ళ కింది రెప్పలు లాగి చూసి, ఇతనికి రక్తం బాగా తగ్గిపోయింది, ఎవరూ చూడలేదా అని అడిగాడు.

చూశారు. చూసి, ఉన్నది కాస్తా లాగేశారు.

మార్చి 10

ఇవాళ మాటలు మెట్ల దాకా ఆగలేదు.

అంకె కొద్దిగా కూడా దిగలేదు కాబట్టి ఇకనుంచి నాకూ వారం వారం తీద్దామన్నాడు రక్తం డాక్టరు. నేను కుర్చీలో కూర్చోలేదు.

"మా తమ్ముడికి రక్తం లేదని పక్క వార్డులో మీ డాక్టరే చెప్పాడండీ. మీరేమో వాడి ఒంట్లో ఇనుము పొంగిపోతోందంటున్నారు. రెండూ ఎలా నిజమవుతాయి?"

"అరుదుగా అలా జరుగుతుంది."

"అయితే ఆ అరుదు ఏంటో కనుక్కోండి. కనుక్కునేదాకా మా ఇంట్లో ఎవ్వరూ చెయ్యి చాపరు."

వైద్యం మధ్యలో మానేస్తే కాలేయానికి ప్రమాదమని, ఆ పూచీ నాదేనని అన్నాడు. నాదేనన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, గొంతు పెంచలేదు. తాగుడు మానేస్తే మాత్రం మంచిదని తలుపు దాకా వచ్చి చెప్పాడు. ఈ రోజు ఆయన అదృష్టవంతుడు. నా చేతిలో బ్యాగు తప్ప ఏమీ లేదు.

అమ్మకు చెప్పాను, మానేశామని. "మీ నాన్నా ఇలాగే డాక్టర్లతో పోట్లాడేవాడు," అంది. మెచ్చుకున్నట్టే అనుకుని నిద్రపోతాను.

మార్చి 14

రాయకుండా ఉంటే బాగుండు.

పొద్దున్న ట్రిప్పు. మార్కెట్ మలుపు తిరగ్గానే ఎండ ఎదురుగా వచ్చింది. తెల్లగా అయిపోయింది అంతా. నాకు ఆ రోడ్డు కంఠతా వచ్చు, ఏ గుంట ఎక్కడుందో తెలుసు. కాబట్టి రోజూ చేసేదే చేశాను. వేగం తగ్గించకుండా, గుర్తున్న రోడ్డు మీద నడుపుతూ పోయాను.

వెనక నుంచి పెద్దాయన ఇనుప కడ్డీ మీద టిక్కెట్ల మిషనుతో దబదబా బాదాడు. బ్రేకు తొక్కాను. నిలబడ్డ వాళ్ళంతా ముందుకు పడ్డారు. అప్పుడు ఆ తెలుపులోంచి ఒక ఎర్ర సంచి బయటికొచ్చింది, తర్వాత దాన్ని పట్టుకున్న చెయ్యి, తర్వాత ఒక ముసలావిడ. బంపరుకూ ఆమెకూ మధ్య మనిషి పట్టేంత సందు కూడా లేదు. ఆమె నన్ను తిట్టలేదు. నిలబడి చూసి, సంచి సర్దుకుని దాటిపోయింది.

పెద్దాయన నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"నీకు ఆవిడ కనబడిందా, పైలట్?"

"లేదు," అన్నాను.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఇంజను ఆపేశాను. అందర్నీ దింపి వెనక బస్సు ఎక్కించమన్నాను. డిపోకు ఫోను చేసి, ఇంకో డ్రైవరును పంపండి, నాకు కళ్ళు కనబడడం లేదని చెప్పాను. మేనేజరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తాళం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. ఎవరూ అడగకముందే పెట్టాను.

పాత అద్దం మంచిదే. కొత్తదీ మంచిదే.

మార్చి 18

కంటి డాక్టరమ్మ నాకంటే చిన్నది. చుక్కలు వేసి, గడ్డం ఒక పట్టీ మీద ఆనించమని, సన్నని వెలుతురు కంట్లోకి పంపి చాలాసేపు చూసింది. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయంది. ముప్పై నాలుగేళ్ళకు ఇవి రావు కదా, ఇంట్లో ఎవరికైనా ఇలా చిన్నతనంలోనే వచ్చాయా అని అడిగింది.

నాన్నకు వచ్చాయన్నాను. ఆయన తోబుట్టువులకో అంది. బాబాయికి కూడా నలభై లోపే ఆపరేషను అయిందన్నాను.

ఆమె వెలుతురు ఆర్పి, బల్లను పక్కకు జరిపింది.

"మీకెప్పుడైనా రక్తంలో ఫెరిటిన్ చూశారా?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కళ్ళ గురించి వచ్చాను నేను. రక్తం సంగతి ఒక్క మాట కూడా ఆమెతో అనలేదు. మీకెలా తెలుసని అడిగాను. ఈ రెండూ కలిసి వచ్చే వంశపు జబ్బొకటి చదువుకునే రోజుల్లో ఒక పాఠంలో చూశానని, అలాంటి మనిషిని కళ్ళారా చూస్తానని అనుకోలేదని చెప్పింది. సంబరపడి, సంబరపడ్డందుకు సిగ్గుపడింది. నాకు నచ్చింది ఆ పిల్ల. రక్తం డాక్టరుకు తనే ఫోను చేసింది, నా ముందే.

జన్యు పరీక్షకు పంపారు. ఈసారి తీసింది ఒక్క చిన్న గొట్టం రక్తమే. చెయ్యి నేనే చాపాను.

మార్చి 21

తమ్ముడి కళ్ళలోనూ అవే మచ్చలు, ఇంకా చిన్నవి. రొట్టె పొడి చల్లినట్టున్నాయట. "ఆకలేసినప్పుడు పనికొస్తాయి," అన్నాడు. వాణ్ణి కొట్టబోతే కట్టు వేసిన చెయ్యి అడ్డం పెట్టాడు.

ఏప్రిల్ 2

ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. కావాలంటే ఆఫీసులో కుర్చీ పని చూస్తానని మేనేజరు ఫోను చేశాడు, శాశ్వతంగా. అక్కర్లేదన్నాను.

ఏప్రిల్ 16

ఫలితం వచ్చింది. తమ్ముడు అమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆమె తలుపు పక్క కుర్చీలో ఒదిగి కూర్చుంది, తప్పు చేసి పిలిపించుకున్న వాళ్ళ తల్లిలా.

రక్తం డాక్టరు ఇవాళ నవ్వలేదు. పొడుగ్గా ఒక కాగితం చీల్చి చేతిలో పట్టుకున్నాడు. ఒంట్లో ఏ ప్రొటీను కావాలన్నా డీఎన్ఏలో ఉన్న పాఠానికి ఒక నకలు తయారవుతుందని, ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ అని, అది చదువుకుంటూ ఒళ్ళు ప్రొటీను తయారు చేస్తుందని చెప్పాడు. ఆ నకలు ఉత్త అక్షరాల వరస కాదట. దారం మెలి తిరిగినట్టు తన మీదకు తానే మడత పడి ఒక ఆకారం కడుతుందట. ఆ ఆకారం కూడా ఒక ఆజ్ఞేనట. ఫెరిటిన్ నకలుకు మొదట్లోనే అలాంటి చిన్న మడత ఒకటి ఉంటుంది. ఒంట్లో ఇనుము తక్కువగా ఉన్నప్పుడు కాపలా ప్రొటీను ఒకటి వచ్చి ఆ మడతను పట్టుకుని, గోదాములు కట్టకండి, సరుకు లేదు అని ఆపేస్తుంది.

కాగితం మడిచి చూపించబోయాడు, అది విప్పుకుపోయింది. అమ్మ తన జుట్టులోంచి పిన్ను తీసి ముందుకు చాచింది.

"ఇలాగాండీ?"

"సరిగ్గా ఇలాగేనమ్మా. ఆ మడతను మేమూ హెయిర్‌పిన్ అనే పిలుస్తాం."

పిన్ను వంపు దగ్గర వేలు పెట్టి చెప్పాడు. మా ఇంట్లో వాళ్ళకు ఇక్కడ, ఈ మలుపులో, ఒక్క అక్షరం మారింది. దాంతో మడత ఆకారం చెడింది. కాపలావాడికి పట్టు దొరకదు. ఆపేవాడు లేక గోదాములు కట్టుకుంటూనే పోతారు, లోపల సరుకు లేకపోయినా. పుట్టినప్పటి నుంచీ అంతే. ఒంట్లో ఇనుము మొదట్లో మామూలుగానే ఉంది. కాలేయానికి ఏమీ లేదు. ఆ ఫెరిటిన్ కంటి కటకంలో పేరుకుని శుక్లాలు తెస్తుంది, అదొక్కటే నష్టం. రక్తం తీయడం వల్ల ఉన్న ఇనుము పోయిందే తప్ప అంకె దిగలేదు, దిగదు కూడా. ఇనుము అంకె మొదటి పరీక్షలోనే పక్కన ఉందని, తను దాన్ని పట్టించుకోలేదని, అది తన తప్పేనని అన్నాడు. తమ్ముడి చెయ్యి వైపు చూసి అన్నాడు.

ఒప్పుకున్నందుకు నాకు కోపం తగ్గాలి. తగ్గలేదు. ఇంకొకటి మిగిలి ఉంది.

"మా నాన్నకూ ఇదే అంకె వచ్చిందండీ. తాగుతాడన్నారు. ఆయన తాగాడో లేదో ఇప్పుడు మా అమ్మకు చెప్పండి. నాకు కాదు. ఆమెకు చెప్పండి."

ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి అమ్మ ముందుకు వచ్చాడు.

"ఆ అంకె ఈ జబ్బు వల్లే వచ్చిందమ్మా. కళ్ళు పోయింది కూడా దీని వల్లే. ఆయన తాగేవాడనడానికి ఆ పరీక్షలో ఏమీ లేదు. అప్పుడూ లేదు."

అమ్మ పిన్ను మళ్ళీ జుట్టులో పెట్టుకుంది. చేతికి చోటు దొరకలేదు, రెండుమూడు సార్లు పెట్టింది.

ఏప్రిల్ 17

గెలిచానని అనుకున్నాను. నాన్న తరఫున.

అమ్మ పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉంది, పొయ్యి వెలిగించకుండా. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. సంతోషించకుండా ఇలా ఉన్నావేమని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"రోజూ వాసన చూసేదాన్నే," అంది. "ఒక్కరోజు కూడా వాసన రాలేదు. రానందుకు ఇంకా మండేది. ఎంత తెలివిగా దాస్తున్నాడో అని."

తర్వాత అంది, ఇప్పుడు నేనెవరికి చెప్పుకోవాలి?

లేచి నేనే పొయ్యి వెలిగించాను.

ఏప్రిల్ 25

అమ్మ తిండి తగ్గించింది. తమ్ముడు జోకులు మానేశాడు. ఈ ఇంట్లో ఇప్పుడు అందరికీ నిజం తెలుసు, ఎవరికీ సుఖం లేదు. అయినా తెలియకపోయి ఉంటే బాగుండేదని మాత్రం నేను అనను. అనను గాక అనను.

మే 5

కుడికన్ను అయింది. కట్టు విప్పగానే డాక్టరమ్మ కోటు మీద సిరా మరక కనబడింది. చెప్పాను. అది చాలా రోజుల నుంచీ ఉందంది.

మే 19

ఎడమకన్ను కూడా. ప్రపంచమంతా కడిగి ఆరేసినట్టుంది. మా వంటింటి గోడ నీలం. ఇన్నాళ్ళూ నేను దాన్ని బూడిద రంగనుకున్నాను.

మే 27

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

మధ్యాహ్నం అమ్మ మంచి బట్టలు కట్టుకుని, నాతో రా అంది. ఎక్కడికని అడిగితే మీ బాబాయి కొట్టుకంది. నాన్న పోయాక ఆమె ఆ వీధిలో కాలు పెట్టలేదు. నేను మాట్లాడతాలే అన్నాను. "నువ్వు నోరు తెరిస్తే ఇంటికి పంపేస్తా," అంది.

కొట్టు పెద్దదయింది. రంగులు ఇప్పుడు మిషను కలుపుతోంది. బాబాయి మందపాటి కళ్ళద్దాలతో బల్ల వెనక కూర్చున్నాడు. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు, ఒక మేస్త్రీ, ఇద్దరు పనివాళ్ళు. రండి వదినా అని కుర్చీ వేయించబోయాడు. అమ్మ కూర్చోలేదు.

"మీ అన్నయ్య తాగలేదు," అంది.

కొట్టు మొత్తం వినబడేలా అంది. నేను పుట్టాక ఆమె గొంతు అంత పెద్దదిగా వినలేదు. బాబాయి అటూ ఇటూ చూసి, ఇప్పుడెందుకు వదినా పాత సంగతులన్నాడు.

"పాతవి నీకు. నాకు ఈ మధ్యే తెలిశాయి."

అని నిలబడి మొత్తం చెప్పింది. ఒంట్లో పాఠానికి నకలు ఒకటుంటుందని, అది సరిగ్గా మడత పడాలని, మీ వంశంలో ఆ మలుపు దగ్గర ఒక్క అక్షరం మారిందని, కాపలావాడు పట్టుకోలేక ఉత్త గోదాములు కడుతున్నారని. ఆర్‌ఎన్‌ఏ అనే మాట దగ్గర ఒకసారి తడబడి, నా వైపు చూసి, మళ్ళీ తనే అందుకుంది. డాక్టరు వింటే ఒకటి రెండు చోట్ల దిద్దేవాడేమో. నేను దిద్దలేదు. మేస్త్రీ చేతిలో బ్రష్షు పట్టుకుని నోరు తెరుచుకుని విన్నాడు.

"జబ్బు అని ఎవరికి తెలుసు వదినా? డాక్టరే కదా అన్నాడు," అన్నాడు బాబాయి.

"డాక్టరు నాతో అన్నాడు. వీధికి చెప్పింది నువ్వు. నేను నమ్మాను, అది నా పాపం, నేను పడతాను. నీకూ నలభై రాకముందే కళ్ళకు పొరలొచ్చాయి కదా. నిన్ను ఎవరైనా తాగుబోతన్నారా?"

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు లేని ఆ ముఖం నాన్న ముఖంలాగే ఉంది. అది నాకు నచ్చలేదు, కానీ ఉంది. చివరికి, నా కళ్ళకూ వచ్చినప్పుడు, అన్నయ్య తాగలేదేమోనని నాకూ అనుమానం వచ్చింది వదినా, అన్నాడు. అని తల దించుకున్నాడు.

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ అది చెప్పావు. ఇకనుంచి ఇది చెప్పు. ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరికీ," అంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "నీ పిల్లల్ని కంటి డాక్టరుకు చూపించు. రక్తం తీస్తామంటే చెయ్యి ఇవ్వొద్దని చెప్పు. నీ మీద కోపంతో పిల్లల సంగతి దాచానని రేపు ఎవరూ అనకూడదు."

బయటికొచ్చాక ఆమెను మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చోబెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. ఆకలేస్తోందంది. ఏదైనా తిందాం, బయటే తిందాం, ఇంటికెళ్ళి వండే ఓపిక లేదంది.

ఇద్దరం కడుపు నిండా తిన్నాం.

జూన్ 12

డ్రైవర్ల కంటి పరీక్ష. వెనక మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోడ మీద అక్షరాల పటం ఉంది. ఐదో వరస దాకా చదివితే పాసు. చదివాను. చాలమ్మా, అన్నాడు పరీక్ష చేసేవాడు.

మిగతావి కూడా చదివాను. అట్టడుగు వరస కింద, సన్నగా, అచ్చు వేసినవాళ్ళ చిరునామా ఉంది. అదీ చదివాను.